లిస్ట్ అడిగావ్, జతలు చెప్తా

ఏం చదవాలో లిస్ట్ ఇమ్మని ఒక చెల్లి నాకు రాసింది. ముందు తను రాసింది ఇక్కడ పెడుతున్నా, కొంచెం కుదించి.

"అక్కా నమస్తే. మాది నిజామాబాద్ దగ్గర పల్లె, ఇప్పుడు కూకట్‌పల్లిల ఉంటున్నం, నాకు 34. ఇంటర్ల ఉన్నప్పుడు యండమూరి, మల్లాది నవలలు తెగ చదివేదాన్ని, అద్దె పుస్తకాల షాపాయన నాకోసం కొత్తవి దాచిపెట్టేటోడు. తర్వాత జాబు, పెళ్లి, బాబు... పదేండ్లయింది పుస్తకం పట్టక. మొన్న ఆన్‌లైన్ల మూడు కొన్న, ఒక్కటి గూడ ఇరవై పేజీలు దాటలే. ఈమధ్య వచ్చిన మంచి నవలలు, ఆత్మకథలు, అన్ని రకాలయి, ఒక లిస్ట్ ఇయ్యరా? మా ఆయన చదివితే ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షనే చదువుతడు. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, చిన్న అక్షరాలు కనవడయి. నాన్న పన్నెండేండ్లు మస్కట్ల చేసొచ్చిండు, పేపరైతే తారీఖు నుంచి టెండర్ నోటీసుల దాకా చదువుతడు, ఆయనకు గూడ ఏమన్న చెప్పుండ్రి. నా పేరు వెయ్యకండ్రి."

చెల్లీ, లిస్ట్ మాత్రం ఇవ్వను. ఎందుకంటే ఒకసారి నేనే అలాంటి లిస్ట్ పట్టుకుని బుక్ ఫెయిర్‌కి వెళ్లి పదకొండు పుస్తకాలు కొనుక్కొచ్చా. అన్నీ అవార్డు వచ్చినవే, అందరూ మెచ్చుకున్నవే. అవి ఫ్రిజ్ మీద ఎక్కి ఎనిమిది నెలలు కూర్చున్నాయి, కరెంట్ బిల్లులు ఎగిరిపోకుండా వాటి మీద బరువుగా మా అత్తగారు ఇంకో పుస్తకం పెట్టేవారు. చూసినప్పుడల్లా హోంవర్క్ చెయ్యని పిల్లలాగా అనిపించేది నాకు. తర్వాత అనుకోకుండా ఒక పద్ధతి దొరికింది. ఒకే లోకం గురించి ఒక జరిగిన కథ, ఒక అల్లిన కథ, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం. ఇది విసుగొస్తే అది, అది బరువెక్కితే ఇది. పైగా రెండూ ఒకదాంతో ఒకటి పోట్లాడుకుంటాయి, ఆ పోట్లాట వినడం కోసమైనా మనం పేజీ తిప్పుతాం. అందుకే నీకు జతలు చెప్తా, జత కుదరని చోట ఒంటిది.

మొదటిది, ఇంకేదైనా వదిలెయ్యి గానీ ఇది వదలకు, 'నిర్జన వారధి'. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు 2012లో వేశారు, అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి. పామర్రులో పుట్టి, పెళ్లంటే ఏంటో తెలియని వయసులో పెళ్లయి, అది తెలిసేలోపే వితంతువయి, మళ్లీ కొండపల్లి సీతారామయ్యని చేసుకుని, కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చి, పాటలు పాడి, అజ్ఞాతవాసం చేసి, ఆ తర్వాత భర్తతో విడిపోయి... ఇక్కడితో ఆగితే ఇదొక ఉద్యమకారిణి కథ. ఆవిడ ఆగలా. ముప్పై దాటాక పిల్లల వయసు వాళ్ల పక్కన కూర్చుని మెట్రిక్ చదివి, కాకినాడలో పాలిటెక్నిక్ లేడీస్ హాస్టల్‌కి మేట్రన్‌గా చేరింది. కొడుకు ఉద్యమంలోకి పోయి తిరిగి రాలా, కూతురు కూడా తనకంటే ముందే పోయింది. ఇంత జరిగినా పుస్తకంలో ఎవర్నీ తిట్టదు, గొంతు పెంచదు, మన ఇంట్లో పెద్దావిడ కూరగాయలు తరుగుతూ చెప్పినట్టు చిన్న చిన్న వాక్యాల్లో చెప్పుకుపోతుంది. అదే మనల్ని పడేసేది. సన్నటి పుస్తకం, నేను రెండు రాత్రుల్లో అవగొట్టా, మూడో రోజు ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలా. 2018లో, నూరేళ్ల వయసులో పోయారావిడ, విశాఖలో.

దీనికి జతగా ఓల్గా గారి 'గమనమే గమ్యం' నవల. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారి జీవితం ఆధారంగా రాసింది, పేరు మార్చి శారద అని పెట్టారు. అదే కాలం, అదే కృష్ణా జిల్లా రాజకీయం, అదే పార్టీ, కానీ ఈమె చదువుకున్న ఇంటి పిల్ల, కొమర్రాజు లక్ష్మణరావు గారి కూతురు, మద్రాసులో డాక్టరీ చదివింది. కోటేశ్వరమ్మ గారు వంటింటి గుమ్మం నుంచి చూసిన ఉద్యమాన్ని శారద వేదిక మీద నుంచి చూస్తుంది. నాకైతే నవల్లో కొన్ని చోట్ల పాత్రలు మాట్లాడుకోవడం తక్కువ, ఉపన్యాసం ఎక్కువ అనిపించింది, అక్కడ స్పీడ్‌గా తిప్పెయ్, నేనేమీ అనుకోను. కానీ ఆత్మకథలో ఆవిడ మొహమాటపడి దాటేసిన విషయాలు, ఆడామగా సంబంధాల గురించి, నవల్లో ఓపెన్‌గా మాట్లాడతారు. అల్లిన కథకి ఉండే సుఖం అది, ఎవరి బంధువులూ ఫోన్ చేసి అడగరు.

ఇదే దారిలో ఇంకో అడుగు వెయ్యాలనిపిస్తే ఇంగ్లిష్‌లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' ఉంది, సుజాత గిడ్ల రాసింది, 2017లో వచ్చింది. కాకినాడ దళిత క్రైస్తవ కుటుంబం, ఆమె ఇప్పుడు న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్. అందులో వాళ్ల మేనమామ కె.జి. సత్యమూర్తి కథ ఉంటుంది, మనకి శివసాగర్‌గా తెలిసిన కవి. ఈ సత్యమూర్తి, ఆ కొండపల్లి సీతారామయ్య కలిసే 1980లో పీపుల్స్ వార్ పెట్టారు. అంటే చూడు, ఒకే పార్టీ, ఒక ఇంట్లో భార్య రాసింది, ఇంకో ఇంట్లో మేనకోడలు రాసింది. ఆ ఇంట్లో ఆడమనిషి ఒంటరితనం కనపడితే ఈ ఇంట్లో కులం కనపడుతుంది, విప్లవం లోపల కూడా చీపురు ఎవరి చేతిలో ఉందో రాస్తుందామె. మా కాలేజీ రోజుల్లో ఈ పేర్లన్నీ గోడల మీద ఎర్ర అక్షరాల్లో చూసినవే, ఇన్నేళ్లకి వాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగేదో తెలిసింది.

సరే, ఇరవై పేజీల గోల. ఫోన్ వల్లే అని అందరూ అంటారు, కొంత నిజమే, కానీ నీ విషయంలో ఇంకోటి కూడా ఉంది. నువ్వు చదివిన ఆ నవలల్లో చాలా వరకు ముందు వీక్లీల్లో సీరియల్‌గా వచ్చినవి. వారం వారం ఆగే చోట ఒక ఝలక్ ఇవ్వాలి, లేకపోతే వచ్చే వారం వీక్లీ కొనరు. నీ బుర్ర ఆ లెక్కకి అలవాటు పడిపోయింది, పదిహేనో పేజీకి ఎవరో తలుపు కొట్టాలి, తెరిస్తే శవం ఉండాలి. ఇప్పటి నవలలు చాలా వరకు నేరుగా పుస్తకంగా వచ్చేస్తున్నాయి, అవి నిన్ను పట్టుకోడానికి అంత కంగారు పడవు, ముందు ఊరు చూపిస్తాయి, మనుషుల్ని కూర్చోబెడతాయి. తప్పు నీదీ కాదు, ఆ రచయితదీ కాదు. అందుకే నవల కంటే ముందు కథల పుస్తకం పట్టు, పన్నెండు పేజీల్లో ఒకటి పూర్తయిపోతుంది, ఒకటి అయిపోయిందన్న తృప్తి ఉంటుంది, బాబు నిద్రపోయాక చాలు.

మీ జిల్లా పిల్లాడిదే ఉంది, 'ఢావ్లో', రమేశ్ కార్తీక్ నాయక్, జక్రాన్‌పల్లి తండా. గోర్ బంజారా కథలు, 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. నీకు తెలిసిన రోడ్డు మీద బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూసి వదిలేసిన తండాల లోపలికి తీసుకెళ్తాడు, మధ్యలో గోర్‌బోలి మాటలు వస్తాయి, అన్నీ అర్థం కావు, కాకపోయినా పర్లేదు, పక్కింటివాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటుంటే మనకి సంగతి తెలిసినట్టే తెలుస్తుంది. మానస ఎండ్లూరి 'మిళింద' కూడా యువ పురస్కారం వచ్చిందే, 2020ది, ఈ తరం అమ్మాయి గొంతు, కొన్ని కథలు మంట పుట్టిస్తాయి. కాస్త నెమ్మదిగా, నవ్వీ నవ్వనట్టుగా ఉండేవి కావాలంటే తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారి 'రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు', 2023 అకాడమీ అవార్డు దానికే. అవి మాత్రం రాత్రి పదకొండింటికి చదవకు, ఆయన సగం చెప్పి సగం మనకి వదిలేస్తారు, ఆ సగం మిస్సయితే ఏముందిందులో అనిపిస్తుంది. నేను మొదటిసారి అలాగే పక్కన పెట్టేసి, తర్వాత సిగ్గుపడి మళ్లీ తీశా.

కథల్లో నేను అందరి చేతుల్లోనూ పెట్టేది 'నెమ్మినీలం'. తమిళంలో జెయమోహన్ 'అఱం' పేరుతో రాసిన కథలు, అవినేని భాస్కర్ గారు తెలుగు చేశారు. నిజంగా బతికిన మనుషుల మీద అల్లిన కథలు ఎక్కువ, అంటే నేను చెప్పే జత రెండూ ఒకే అట్టలో ఉన్నట్టు. అడవిలో ఏనుగులకి వైద్యం చేసే డాక్టర్ కథ ఒకటుంది. పిక్నిక్‌లకి వచ్చినవాళ్లు పగలగొట్టి పారేసిన సారా సీసాలు ఏనుగు కాల్లో దిగితే ఏమవుతుందో చదివాక నువ్వు ఇంకెప్పుడూ అనంతగిరి రోడ్డు పక్కన సీసా చూసి ఊరుకోలేవు. ఇంకోటి, కలెక్టర్ హోదాకి వచ్చిన కొడుకు, చెట్ల కింద అడుక్కుని బతికే తల్లి, ఆఫీసులో కుర్చీ మీద కూర్చోడానికి కూడా ఎవరి పర్మిషనో కావాలన్నట్టు చూసే సిబ్బంది. అది చదివి నేను బస్సు దిగాల్సిన స్టాపు దాటి వెళ్లిపోయా, ఇది ఊరికే అనే మాట కాదు, నిజంగా మెహిదీపట్నం బదులు లంగర్‌హౌస్‌లో దిగా.

నవల్లో థ్రిల్ కావాలంటే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' తీసుకో, తానా నవలల పోటీలో 2019లో ప్రైజు వచ్చింది, క్రిష్ సినిమా కూడా తీశాడు 2021లో. సినిమా చూసేశాలే అని పుస్తకం మానకు. కరువొచ్చి ఊళ్లో నీళ్లు, మేత లేకపోతే గొర్రెల మందల్ని తోలుకుని నల్లమల ఎక్కి వారాల తరబడి అక్కడే తిప్పుకుంటూ బతికించుకోవడాన్ని కడప వైపు కొండపొలం అంటారు. హైదరాబాద్‌లో ఉద్యోగం దొరక్క ఊరికొచ్చిన బీటెక్ కుర్రాడు తండ్రితో కలిసి అలా వెళ్తాడు. ఇంటర్వ్యూలో నోరు పెగలని వాడికి అక్కడ పులి ఎదురవుద్ది. గొర్రెని ఎలా లెక్కపెడతారు, రాత్రి మంద ఎలా పడుకోబెడతారు, ఏ శబ్దానికి ఏం అర్థం, ఇవన్నీ చదువుతుంటే ఏదో కొత్త కోర్సు నేర్చుకుంటున్నట్టుంటది. భాష సీమది, మొదటి ముప్పై పేజీలు నీకు కాస్త అడ్డం తగులుతుంది, పైకి చదువు, నాలిక మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది. నీకు ఝలక్‌లు కావాలి కదా, పులి ఉంది, సరిపోతుంది.

చరిత్ర ఇష్టమైతే బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి', 18వ శతాబ్దపు అనంతపురం, హండే రాజులు, పాలెగాళ్లు, 2019 అకాడమీ అవార్డు. రాజుల కంటే ఆ రాజుల కింద నలిగినవాళ్లే గుర్తుంటారు అందులో. లావు పుస్తకం, ఇప్పుడే వద్దు, ఒక రెండు నవలలు అయ్యాక. దాని పక్కన పెట్టదగ్గది కన్నడ వసుధేంద్ర 'తేజో తుంగభద్ర', రంగనాథ రామచంద్రరావు గారి తెలుగులో దొరుకుతుంది, లిస్బన్‌లో ఒక నది ఒడ్డు, విజయనగరంలో ఒక నది ఒడ్డు, మధ్యలో మిరియాల కోసం వచ్చిన ఓడలు. చాలా స్పీడ్‌గా నడుస్తుంది, యండమూరి చదివినవాళ్లకి భలే పడుతుంది.

ఆ వసుధేంద్రదే ఇంకోటి 'మోహనస్వామి', అదీ రామచంద్రరావు గారి అనువాదమే, బళ్లారి వైపు కుర్రాడు తను గే అని తెలుసుకుని, దాచుకుని, బెంగళూరులో బతికిన కథలు. దానికి జత 'ఒక హిజ్రా ఆత్మకథ', తమిళనాడుకి చెందిన ఎ. రేవతి రాసింది, పి. సత్యవతి గారు తెలుగు చేశారు, ఆ అనువాదానికి 2019లో అకాడమీ అవార్డు కూడా ఇచ్చారు. ఒకటి మొత్తం లోపల దాచుకున్నవాడి బాధ, ఇంకోటి ఏదీ దాచుకోలేని మనిషి బాధ. రేవతి పుస్తకంలో పోలీస్ స్టేషన్ పేజీలు కష్టం, తట్టుకోలేకపోతే మూసెయ్, మర్నాడు మళ్లీ తెరువు. సిగ్నల్ దగ్గర కారు అద్దం ఎక్కించుకునే అలవాటు నాకుండేది. ఇంతకంటే ఏం చెప్పను.

మీ ఆయన సంగతి. 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' చదివే ఉంటాడు, ఆండీ వీర్ ది, 2021. చదవకపోతే వెంటనే కొనివ్వు, రెండ్రోజులు ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉండదు. చదివేసుంటే మాత్రం సమాంతా హార్వీ 'ఆర్బిటల్' ఇచ్చి చూడు, 2024 బుకర్ దానికే, స్పేస్ స్టేషన్‌లో ఆరుగురు, ఒక్క రోజు, ఆ రోజులో భూమి చుట్టూ పదహారు చుట్లు, అంతే కథ. ఏమీ జరగదు. నూట నలభై పేజీల లోపే. అతను పది పేజీలకి 'ఇదేంటి, ఏం కాట్లేదు' అని పక్కన పడేస్తే నువ్వు తీసుకో, నీకు నచ్చుతుందని నా అనుమానం, ఇల్లు వదిలొచ్చినవాళ్లు ఇంటిని దూరం నుంచి చూస్తే ఎలా ఉంటదో అందులో ఉంది. ఇంగ్లిష్‌లో సరదా డిటెక్టివ్ కావాలంటే రిచర్డ్ ఆస్మన్ 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్', వృద్ధాశ్రమం లాంటి కాలనీలో ముసలాళ్లు నలుగురు హత్య కేసులు తేలుస్తారు, మీ నాన్నకి కథ చెప్పు, నవ్వుతారు. అరుంధతీ రాయ్ వాళ్లమ్మ గురించి రాసిన 'మదర్ మేరీ కమ్స్ టు మీ' 2025లో వచ్చింది, క్రైస్తవ ఆడపిల్లలకి ఆస్తిలో సమాన వాటా కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచిన మేరీ రాయ్ ఆవిడే. ఊరందరికీ దేవత లాంటి తల్లి సొంత పిల్లల మీద ఎంత విరుచుకుపడేదో దాచకుండా రాసింది. అమ్మతో గొడవ పడ్డ వారం మాత్రం మొదలెట్టకు.

అమ్మకి కళ్ల ఇబ్బంది అన్నావు కాబట్టి పుస్తకం కొనకు. దాసుభాషితం అని తెలుగు ఆడియో పుస్తకాల యాప్ ఉంది, ఫోన్లో వేసి పక్కన పెట్టు, మధ్యాహ్నం పూట పప్పు ఏరుకుంటూ వింటుంది. లేదా రోజుకో కథ నువ్వే పైకి చదువు, ముందు ఢావ్లో నుంచి. మా అమ్మకి నేను అలాగే చదివేదాన్ని, మధ్యలో ఆపి 'ఆగు, ఇలాంటిదే మన సుబ్బులత్త ఇంట్లో...' అని మొదలెట్టేది, అసలు కథ కంటే అది పెద్దదయ్యేది. ఆత్మకథలు అచ్చయినవే అక్కర్లేదు చూశావా.

ఇక నాన్న. గల్ఫ్ అనగానే నీకు ఎవరైనా 'మేక బతుకు' చెప్తారు, బెన్యామిన్ మలయాళ నవల 'ఆడుజీవితం' తెలుగులో ఆ పేరుతో వచ్చింది, సౌదీ ఎడారిలో మేకల మధ్య ఇరుక్కుపోయిన నజీబ్ అనే అతని కథ, జరిగినదాని మీదే రాసింది, 2024లో పృథ్వీరాజ్ సినిమా కూడా వచ్చింది. గొప్ప పుస్తకం, కూర్చున్న పట్టున అయిపోద్ది. కానీ నాన్నకి నువ్వు చదవకుండా ఇవ్వకు. ఆ పన్నెండేళ్లలో ఆయన ఏం పడ్డారో, ఇంటికి ఏం చెప్పారో, ఏం చెప్పలేదో నీకు తెలియదు. ఆయన పనిచేసిన చోటు మంచిదే అయ్యుండొచ్చు, మస్కట్ వేరు, ఆ ఎడారి వేరు, అయినా సరే. ముందు నువ్వు చదువు. చదివాక ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, లేదంటే టీ తాగేటప్పుడు 'నాన్నా, అక్కడ వంట ఎవరు చేసేటోళ్లు' అని మామూలుగా ఒక ముక్క అడుగు.

ఆయనకి ముందుగా ఇవ్వాల్సింది 'మా నాయన బాలయ్య'. వై.బి. సత్యనారాయణ గారు ఇంగ్లిష్‌లో రాశారు, సత్యవతి గారే తెలుగు చేశారు. కరీంనగర్ వైపు మాదిగ కుటుంబం, ఊరు వదిలి రైల్వేలో చేరి, తండ్రి పాయింట్స్‌మన్‌గా స్టేషన్ స్టేషన్ తిరుగుతూ కొడుకుల్ని కాలేజీ లెక్చరర్లు, ప్రొఫెసర్లు చేసిన కథ. మూడు తరాలు. పని కోసం ఊరు వదిలిన తండ్రి, అది కూడా తెలంగాణ తండ్రి, మీ నాన్నకి చుట్టమే. నేను ఇది మా మావయ్యకి ఇస్తే, రైల్వేలో రిటైరయ్యాడు లే, మూడు రోజులు పేపర్ కూడా ముట్టుకోలా, చివరికి పెన్సిల్‌తో పక్కన స్టేషన్ల పేర్లు రాసుకున్నాడు, నేనూ ఇక్కడ చేశా అని. పుస్తకం మళ్లీ నా చేతికి రాలా.

ఎక్కడ కొనాలంటావా, కాచిగూడ నవోదయలో ఇందులో చాలా వరకు ఉంటాయి, కౌంటర్ దగ్గర పేరు చెప్తే వాళ్లే తీసిస్తారు. డిసెంబర్ దాకా ఆగగలిగితే ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెడతారు, అక్కడ కొనే ముందు నిలబడి నాలుగు పేజీలు చదువుకోవచ్చు, ఆన్‌లైన్లో ఆ సుఖం లేదు. మొదటిసారి రెండే కొను, నిర్జన వారధి ఒకటి, నెమ్మినీలం ఒకటి. బాబుని తీసుకెళ్తే వాడికి నీళ్ల సీసా పెట్టుకో, దుమ్ము బాగా లేస్తుంది, చేతిలో కొంచెం క్యాష్ కూడా ఉంచుకో, ఆదివారం సాయంత్రం ఆ జనంలో సిగ్నల్ అందక ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది.